ఎదురుకాళ్ల పిల్ల చేతిపని

మొగిలవ్వ తల్లి కడుపులోంచి కాళ్లు ముందు పెట్టి బయటికి వచ్చింది. తల్లికి అది మూడు రోజుల చావు నొప్పి. సిరిసిల్లకు మాత్రం వరం. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎడమ కాలితో మూడుసార్లు తన్నితే పట్టేసిన నడుము విడుస్తుందని అందరికీ నమ్మకం. పిల్లకు నడక రాకముందే ఆ కాలికి గిరాకీ మొదలైంది.

దానికో పద్ధతి ఉంది. ఆదివారం పొద్దున్నే పరగడుపున రావాలి. గడప ముందు బోర్లా పడుకోవాలి. తన్నించుకున్నాక వెనక్కి తిరిగి చూడకుండా పోవాలి. కరెంటు మగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. పన్నెండేసి గంటలు సాంచాల ముందు నిలబడే ఊళ్లో నడుము పట్టనివాడెవడు? ఆదివారమైతే పిల్ల తండ్రి రాజలింగం ఇంటి ముందు నలుగురైదుగురు వరసగా బోర్లా పడి ఉండేవారు. మొదట్లో తల్లి దేవవ్వ పిల్లను చంకల కింద పట్టుకుని ఒక్కొక్కరి నడుము మీద పాదం ఆనించేది. తర్వాత పిల్లే తన్నడం నేర్చింది. సాంచాల సేట్లను తన్నింది. లెక్కల సారును కూడా తన్నింది. ఎక్కాలు రాలేదని ఆ సారు మర్నాడు బడిలో ఆమెను బెత్తంతో కొట్టాడు.

ఆ బడి ఆరో తరగతితోనే ఆగిపోయింది. దేవవ్వకు చూపు తగ్గింది, నూలు కండెలు చుట్టే చెయ్యి కావాల్సి వచ్చింది, మొగిలిని రాట్నం ముందు కూర్చోబెట్టారు. మాట తక్కువ పిల్ల. మనుషుల మొహాల్లోకి చూడడానికి సిగ్గు. అందుకని వాళ్ల కాళ్లు చూసేది, నడుములు చూసేది. ఎవరు ఏ కాలి మీద బరువు వేసి నిలబడతారో, ఎవరి భుజం ఏ పక్కకు ఒరిగిందో ఆమెకు తెలుసు. వీధిలో చెప్పుల చప్పుడు వినే వచ్చేది ఎవరో చెప్పేది.

ఆమెకు పదిహేడేళ్లప్పుడు ఒక ఆదివారం శంకరయ్య వచ్చాడు. సాంచాల మీద పనిచేసే మనిషి, ముప్పై దాటలేదు. అతను నడిచి వస్తుంటేనే మొగిలికి ఏదో తేడా కనిపించింది. ఎడమ కాలు ఎత్తి వేయడం లేదు, ఈడ్చి వేస్తున్నాడు. పడుకోవడానికే అతనికి చెమటలు పట్టాయి.

"బాపూ, గీయినది ఒట్టి నడుం గాదే. కాలు గూడ గుంజుతున్నట్టున్నది" అన్నది తండ్రితో, గొంతు తగ్గించి.

"నీకెందుకే గవన్నీ? నువ్వేమన్న డాక్టరువా? తన్ను" అన్నాడు రాజలింగం.

తన్నింది. మూడో తన్నుకు శంకరయ్య అరిచిన అరుపు అప్పటిదాకా ఆమె ఎవరి నోటా వినలేదు. ఆ తర్వాత అతని ఎడమ పాదం వేలాడిపోయింది. నడిస్తే చెప్పు జారి వెనకే పడిపోయేది. సాంచె ముందు నిలబడే పని పోయింది.

వాడకట్టులో ఒక్కరంటే ఒక్కరు మొగిలిని ఏమీ అనలేదు. శంకరయ్య పరగడుపున రాలేదట, హోటల్లో చాయ తాగి వచ్చాడట. తప్పు చాయ మీదికి పోయింది. శంకరయ్య కూడా అదే నమ్మాడు. "నాదే పొరపాటు బిడ్డా" అని మొగిలికే చెప్పాడు. తిట్టినా బాగుండేది.

శంకరయ్య భార్య ఇంద్రమ్మ అతన్ని వారం వారం కోరుట్లలో ఒక ట్రస్టు దవాఖానకు తీసుకుపోయేది. సంచి పట్టుకునే వంకతో మొగిలి వెంట పోయింది. ఆ దవాఖాన వెనక గదిలో దావీదు అనే ఆయన ఉండేవాడు. యాభై అయిదేళ్ల మనిషి, పొట్టివాడు. పోలియో పిల్లల కాళ్లకు మాలీషు చేసి కసరత్తులు చేయించేవాడు. బీడీలు చుట్టి చుట్టి మెడలు బిగిసిన ఆడవాళ్లు ఆయన గది ముందు బారులు తీరేవారు. శంకరయ్య పాదాన్ని చేతిలోకి తీసుకుని దావీదు అడిగాడు.

"నడుం మీద ఎవలన్న తన్నిండ్లా?"

ఇంద్రమ్మ నసిగింది. మొగిలి గోడకు అతుక్కుని నిలబడి, "నేనే" అన్నది.

దావీదు తిట్టాడు. మర్యాద లేకుండా, ఊపిరి తీసుకోకుండా తిట్టాడు. "మెదడు మోకాళ్లల్ల ఉన్నదా? నరం నలిగి మనిషి మొత్తుకుంటుంటె గాడిద తన్నినట్టు తంతరా?" తిట్లన్నీ అయిపోయేదాకా మొగిలి నిలబడి విన్నది. తప్పు చాయది కాదు, నీది అని చెప్పిన మొదటి మనిషి ఆయన.

"నాకు నేర్పుతరా సార్?" అన్నది.

దావీదు నవ్వాడు. "నీకా? కాలుతోని బతికేటోళ్లకు చేతుల పనెందుకే?"

మరుసటి వారం మళ్లీ అడిగింది. ఆ తర్వాతి వారం కూడా అడిగింది. నాలుగోసారి దావీదు ఒక షరతు పెట్టాడు. "ఇయ్యాల్టి సంది ఎవ్వల నడుం మీద గూడ నీ కాలు పడొద్దు. పడ్డదని నాకు తెలిస్తె గా దినమే నీ సంచి బైట పారేస్త. మల్ల ఏసుక్రీస్తు అచ్చి చెప్పినా తీసుకోను."

కోరుట్లలోనే ఉండి నేర్చుకోవాల్సిన రెండేళ్ల పని అది. ఆమె కాక ఇంకో ఇద్దరు మగపిల్లలు నేర్చుకునేవారు. మొదటి మూడు నెలలు మనిషిని ముట్టుకోనివ్వలేదు. బల్ల మీద ఒక నూలుపోగు పెట్టి, పైన కాగితం కప్పి, కళ్లు మూసుకుని వేలితో వెతకమనేవాడు. పోగు దొరికితే ఇంకో కాగితం కప్పేవాడు. మగపిల్లలు ఆరో కాగితం దగ్గర ఆగిపోయారు. కండెలు చుట్టిన మొగిలి వేళ్లు పధ్నాలుగు కాగితాల కింద పోగును పట్టాయి. "నలపై నంబరు నూలు సార్" అని పోగు సన్నదనం లెక్క కూడా చెప్పింది. దావీదు కాగితాలు ఎత్తి చూశాడు. మర్నాడు ఒక పోలియో పిల్ల కాలు ఆమె ఒడిలో పెట్టాడు.

బలం వేళ్లలో లేదని, నిలబడే తీరులో ఉందని నేర్చుకుంది. నూనె ఎక్కువైతే చెయ్యి జారుతుంది, చర్మం కింద ఏముందో తెలియదు. ఎముకల ఇంగ్లీషు పేర్లు తెలుగు అక్షరాల్లో రాసుకుని బట్టీ పట్టింది. నోటుబుక్కు నిండా వెన్నుపూసల బొమ్మలు గీసుకుంది. ఎక్కడ చెయ్యి పెట్టకూడదన్నదే ఆ చదువులో సగం.

ఇంటి దగ్గర మాత్రం కాలు కోసం వచ్చినవాళ్లు వచ్చినట్టే ఉన్నారు. మొగిలి సెలవుకు వచ్చిందంటే చాలు, ఆదివారం పొద్దున గడప ముందు బోర్లా పడేవారు. ఆమె దొడ్డితలుపు తీసుకుని పోయేది. బీరపాదుకు నీళ్లు పోస్తున్న పక్కింటి బాలవ్వ దడి మీదుగా దెప్పేది. "ఏందే మొగిలీ, కాలుకు మొక్కు చెల్లిందా? గిప్పుడు చేతులతోని మొగోళ్లను పిసుకుతున్నవట గదా కోరుట్లల?"

"ఆడోళ్లను గూడ పిసుకుతున్న పెద్దవ్వా. నీ మోకాలు ఇటు తే, చూస్త" అని మొగిలి ఆగేది. బాలవ్వ చెంబు ఎత్తుకుని లోపలికి పోయేది.

దేవవ్వకూ అదే బాధ. "పరాయి మొగోళ్ల ఒంటి మీద చెయ్యేసుడేందే? లోకం ఏమనుకుంటది?"

"పదిహేనేండ్లు పరాయి మొగోళ్ల నడుం మీద కాలేసిన గదనే అవ్వా. గప్పుడు పోని మానం గిప్పుడెట్ల వోతది?"

"గది దేవుడిచ్చింది."

"గిది నేను నేర్చుకున్నది."

చూపు సరిగా ఆనని దేవవ్వ కూతురి చేతులు పట్టుకుని తడిమింది. బొటనవేళ్ల మొదట్లో కాయలు కాశాయి.

రెండేళ్లు నిండాయి. పరీక్ష ఆదివారం మధ్యాహ్నం రెండింటికి, జగిత్యాలలోని ట్రస్టు వాళ్ల పెద్ద దవాఖానలో. పరీక్ష చేసే డాక్టరు హైదరాబాదు నుంచి ఏడాదికొకసారే వస్తాడు. ఆ పూట తప్పితే మళ్లీ ఏడాది ఆగాలి. మళ్లీ ఏడాదికి దావీదు కొలువులో ఉండడు, ఆయనకు రిటైరుమెంటు. కొత్తగా వచ్చేవాడు ఆడపిల్లను గదిలోకి రానిస్తాడో లేదో తెలియదు. బడి సర్టిఫికెట్టు కావాలంటే మొగిలి శనివారం సిరిసిల్లకు వచ్చి తీసుకుని, ఆదివారం కోరుట్ల పోయే మొదటి బస్సెక్కింది.

ఎనభై తొమ్మిదో సంవత్సరం అది. నక్సలైటు అన్నల కోసం పోలీసులు, పోలీసుల కోసం అన్నలు తిరుగుతున్న రోజులు. చందుర్తి దాటాక ఒకచోట పోలీసులు బస్సును ఆపారు. అందరినీ దింపి సంచులు వెతికారు. మొగిలి సంచిలో ఒక నూనె సీసా, బడి సర్టిఫికెట్టు, ఎముకల బొమ్మల నోటుబుక్కు దొరికాయి. కానిస్టేబులు బొమ్మలు తిరగేస్తూ, "ఎవలకు కట్లు గట్ట నేర్చుకుంటున్నవ్? అడివిల ఉన్నోళ్లకా?" అని తలెత్తాడు. ఎత్తి, మొహం విప్పార్చుకున్నాడు.

"అరె, నువ్వు రాజలింగం బిడ్డవు గదా! ఎదురుకాళ్ల మొగిలివి!"

అతని పేరు హన్మంతు. అతని మేనత్త ఇల్లు మొగిలి వాళ్ల వాడకట్టులోనే. చిన్నప్పుడు అతన్నీ ఒకసారి తన్నింది. హన్మంతు బస్సును పొమ్మన్నాడు, ఆమెను మాత్రం ఆపాడు. "దేవుడు పంపినట్టు అచ్చినవ్. మా ఎస్సై సారుకు నడుం పట్టి మూడు దినాలాయె. ఇయ్యాల ఆయితారం. మూడు తన్నులు తన్ని పో, నేనే బస్సెక్కిస్త."

ఠాణాలో ఎస్సై చాప మీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. ఎక్కడో దూరపు జిల్లా నుంచి వచ్చినవాడు, మాట తీరు వేరు. గతుకుల దారుల్లో జీపులో తిరిగి తిరిగి ఆ స్థితికి వచ్చాడు. మొగిలిని చూసి, "ఈ పిల్లేనా? మా అమ్మ కూడా చెప్పేది ఇలాంటోళ్ల గురించి. కానియ్యమ్మా, తన్ను" అని మూలుగుతూ బోర్లా తిరిగాడు. తిరిగేటప్పుడు కుడి కాలిని చేత్తో పట్టుకుని జరుపుకోవడం మొగిలి చూసింది.

"నేను తన్న సార్" అన్నది.

"ఏంటి?"

"తన్నుడు ఇడిచిపెట్టిన. చేతులతోని చూస్త. మీరు ఒప్పుకుంటెనే."

ఎస్సై తల తిప్పి చూశాడు. "ఈ చుట్టుపక్కల ప్రతివాడూ నన్ను తన్నాలనే చూస్తున్నాడు. నేనే పడుకుని తన్నమంటే నువ్వు తన్ననంటావా?"

తలుపు దగ్గర ఎవరో కానిస్టేబులు నవ్వబోయి దగ్గాడు.

"తన్నను సార్."

"అయితే కూర్చో. తన్నాలనిపించినప్పుడే లేద్దువుగాని."

ఆమె గోడ వారన కూర్చుంది. ఏడున్నర అయింది, ఎనిమిదిన్నర అయింది. ఇంకో బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. హన్మంతు వచ్చి పక్కన గొంతుక్కూర్చుని బతిమాలాడు. "ఎందుకే మొండితనం? చిన్నగ కాలు ఆనిచ్చి పో. ఎవలు చూసిండ్లు? ఎవలకు చెప్తరు?"

నిజమే, ఎవరూ చెప్పరు. దావీదు చర్చికి పోయి ఉంటాడు. కాలు ఆనిస్తే చాలు, రెండింటికల్లా జగిత్యాలలో ఉంటుంది. కానీ చాప మీద ఆ కుడి కాలు ఉంది. దాన్ని చూసినకొద్దీ ఆమెకు లేవబుద్ధి కాలేదు.

"తన్నితె గాయిన కాలు వడిపోతది అన్నా" అన్నది. "ఒకసారి అట్లనే చేసిన. మల్ల చెయ్య."

తొమ్మిదింటికి ఎస్సైకి ఓపిక నశించింది. "ఇంకెవడూ లేడా ఈ ఊళ్లో అలా పుట్టినోడు?" అని అరిచాడు.

హన్మంతు మెల్లగా ముందుకొచ్చాడు. "నేను గూడ ఎదురుకాళ్లతోనే పుట్టిన్నని మా అవ్వ అంటుండె సార్."

"ఇన్నాళ్లూ చెప్పలేదేంరా?"

"మీరు అడగలేద్సార్."

హన్మంతు బూటు విప్పాడు. అతని మొహంలో భయంతో పాటు ఇంకేదో కూడా ఉంది. అది పండగ పూట మొహంలో ఉండే సంబరంలాగే ఉందని మొగిలికి అనిపించింది. అతను కాలు ఎత్తేలోపల ఆమె లేచి వచ్చి, చాప పక్కన మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఎస్సై నడుము మీద పరిచింది.

"తన్నుతె నా చేతుల మీద తన్ను" అన్నది.

గొంతు పెద్దది కాలేదు. చేతులు మాత్రం కదలలేదు. హన్మంతు ఒంటికాలి మీద కాసేపు ఊగి, కాలు కిందికి దించాడు. ఆ చేతుల కింద తన నడుము వణుకుతున్న సంగతి ఎస్సైకీ తెలిసినట్టుంది.

"సరే. చూసి ఏడువు" అన్నాడు.

వెల్లకిలా తిప్పించింది. కుడి కాలు చాచి ఉంచి మెల్లగా పైకెత్తింది. జానెడు లేవకముందే అతను పళ్లు కొరికాడు. కాలి బొటనవేలిని పైకి లేపమని, తన వేలితో అడ్డం నొక్కింది. వేలు ఎదురు నిలిచింది. బలం ఇంకా పోలేదు. మొగిలి ఊపిరి వదిలింది. కుర్చీ తెప్పించి, అతని రెండు పిక్కలూ దాని మీద పెట్టించి, నడుము నేలకు ఆనేట్టు సర్దింది. ఊపిరి ఎట్లా తీయాలో చెప్పింది. నడుము జోలికే పోలేదు. పిరుదు పక్కన బిగిసిన కండను మాత్రం దుప్పటి కప్పించి, దాని మీదుగా అరచేతి మడమతో నిదానంగా వదులు చేసింది. గంట గడిచేసరికి ఎస్సై మూడు రోజుల తర్వాత మొదటిసారి కళ్లు మూసుకుని, మూలగకుండా పడుకున్నాడు.

పదకొండింటికి లేచి, "తగ్గిందే!" అన్నాడు.

"తగ్గలె సార్. ఊకున్నది. మూడు వారాలు చెక్క మీద పండుకోవాలె. జీపెక్కొద్దు."

ఎస్సై కళ్లు చిన్నవయ్యాయి. "మూడు వారాలు నన్ను మంచాన పడెయ్యమని ఎవరు నేర్పి పంపారు నిన్ను? ఏ దళం?"

బస్సులో దొరికిన బొమ్మల పుస్తకం బల్ల మీదే ఉంది. అయినా మొగిలికి మాట వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు.

"దావీదు సారు నేర్పిండు. కోరుట్ల దవాఖానల" అన్నది. "ఎక్కుతె ఎక్కుండ్రి సార్ జీపు. నాకేంది? సిరిసిల్లల శంకరయ్య అని ఉన్నడు, గోడవట్టుకొని నడుస్తడు. మీకు గూడ గోడ దొరుకుతది."

ఎస్సై తన కాలి బొటనవేలిని చూసుకున్నాడు. లేపాడు, దించాడు. కోరుట్ల ఠాణాకు వైర్‌లెస్సు చేసి దవాఖానలో అడిగించాడు, నిజమేనని జవాబు రావడానికి గంటన్నర పట్టింది. పన్నెండు దాటాక, పొమ్మని చెయ్యి ఊపాడు. పోతూ పోతూ మొగిలి హన్మంతుకు చెప్పింది. "వేలు లేవకపోయినా, ఒంటేలు బందయినా ఒక్క గడియ ఆగొద్దు. పెద్ద దవాఖానకు తోల్కపోండ్రి. మల్ల బూటిప్పకు."

బస్సులు మారి, కథలాపూర్, కోరుట్ల మీదుగా జగిత్యాల చేరేసరికి నాలుగయింది. దవాఖాన మెట్ల మీద దావీదు చర్చికి వేసుకున్న తెల్ల బట్టల్లోనే తిరుగుతున్నాడు. ఆమెను చూడగానే రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. డాక్టరు సంచి మూస్తున్నాడు.

"పరీక్ష అయిపోయిందమ్మా. వచ్చే సంవత్సరం చూద్దాం."

"పేషెంటు ఉండె సార్" అన్నది మొగిలి, నేల చూస్తూ.

"ఎక్కడ?"

"ఠాణాల."

డాక్టరు సంచి మీద చెయ్యి ఆపాడు. ఏం చూశావన్నాడు, ఏం చేశావన్నాడు. ఆమె కాలు ఎంత ఎత్తుకు నొప్పి వచ్చిందో చెయ్యి పెట్టి చూపించింది. అన్నీ విని డాక్టరు ఒకటే ప్రశ్న వేశాడు.

"మాలీషు నేర్చుకున్నదానివి, నడుముకు మాలీషు ఎందుకు చేయలేదు?"

"నొప్పి నడుములనే సార్, కీడు నరంల ఉన్నది. పైపైన పిసికితె నాకు పేరస్తది, ఆయినకు కాలువోతది."

డాక్టరు దావీదు వైపు చూశాడు. దావీదు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. డాక్టరు జేబులోంచి కలం తీసి, కాగితం మీద ఆమె పేరుకు ఎదురుగా పాసైనట్టు టిక్కు పెట్టాడు.

సర్టిఫికెట్టు టైపు చేసే ఆమె పేరు రత్నమాల. ఐదింటికి ఇంటికి పోవాలని ఆమెకు తొందర. కాగితం టకటకా కొట్టి ఇచ్చింది. మొగిలి ఆ ఇంగ్లీషు అక్షరాలను మెల్లగా చదివింది. పేరు సరిగ్గానే ఉంది. దాని కింద 'ఆయా, మాలీషు గది' అని ఉంది.

"గిదేందక్కా? మా తోటి ఇద్దరికి గూడ గిట్లనే కొట్టినవా?"

"వాళ్లు మొగోళ్లు గదమ్మా. ఫిజియో అసిస్టెంటని కొట్టిన. ఆడోళ్లకు ఆయానే. నాకు గూడ కాగితంల ఆయా అనే ఉన్నది. పదేండ్ల సంది టైపు కొడుతున్న, ఎవ్వలను అడిగిన?"

"నువ్వు అడగలేదు. నేను అడుగుతున్న. మల్ల కొట్టు."

"పెద్దసారు పోయిండు. ఫారం ఇంతే. తీసుకో, పో."

మొగిలి కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని ముందున్న స్టూలు మీద కూర్చుంది. "పొద్దుగాల సంది ఠాణాల కూసోనే అచ్చిన అక్కా. కూసునుడు నాకు అలవాటైంది."

గుమ్మం దగ్గర దావీదు గొంతు సవరించుకున్నాడు. లోపలికి రాలేదు, వెళ్లిపోనూ లేదు. రత్నమాల ఆయన వైపు చూసింది, గోడ గడియారం వైపు చూసింది, చివరికి స్టూలు మీద తల వంచుకుని కూర్చున్న పిల్ల వైపు చూసింది. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి మిషన్లోకి ఎక్కించింది. ఈసారి ఒక్కొక్క అక్షరమే కొట్టింది.

కాగితం అందినట్టు సంతకం పెట్టమన్న చోట మొగిలి వెంటనే పెట్టలేదు. ఆరో తరగతి ఇంగ్లీషుతో అక్షరం అక్షరం కూడబలుక్కుని 'ఫిజియో అసిస్టెంటు' అన్న ఆ రెండు మాటలూ చదివింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. రత్నమాల సంచి భుజానికి తగిలించుకుని నిలబడింది.

నిలబడనీ అనుకుంది మొగిలి. మూడోసారి చదివింది.